ఎంబసీ హెచ్చరికలూ దేశాల పేచీలూ

పరాయి దేశంలో ఉన్న తన పౌరులకు ఏ ప్రభుత్వమైనా జాగ్రత్తలు చెప్పుకుంటుంది. ఆ మాట చెవిలో చెబితే ఎవరికీ బాధ లేదు, నలుగురూ వినేలా చెబితేనే ఆతిథ్య దేశానికి గుచ్చుకుంటుంది. ఇలా నలుగురిలో చెప్పేవి రెండు రకాలు. ఒకటి ప్రయాణ సూచన. దీన్ని విదేశాంగ శాఖ తన రాజధానిలో కూర్చుని దేశం మొత్తం గురించి రాస్తుంది, నెలల తరబడి అమల్లో ఉంచుతుంది. రెండోది భద్రతా హెచ్చరిక. దీన్ని ఆ దేశంలోని ఎంబసీయో కాన్సులేటో ఒక ఊరి గురించి, ఒక్కోసారి ఒక బజారు గురించి, రెండు రోజులకో వారానికో ఇస్తుంది. మొదటిదానితో వచ్చే తగాదా ఎక్కువగా పరువుకూ పర్యాటక ఆదాయానికీ సంబంధించింది. రెండోదానితో వచ్చేది ఇంకా ఘాటైనది. మా పోలీసులకు తెలియనిది మీకెలా తెలిసింది, తెలిస్తే ముందు మాకెందుకు చెప్పలేదు అన్న నిలదీత అది.

దౌత్య సంబంధాలపై 1961లో కుదిరిన వియన్నా ఒప్పందంలోనే ఈ తగాదా రెండు కొసలూ ఉన్నాయి. తన పౌరుల ప్రయోజనాలను కాపాడటం ఎంబసీ పనుల్లో ఒకటని మూడో అధికరణం చెబుతుంది. ఆతిథ్య దేశపు ఆంతరంగిక వ్యవహారాల్లో తలదూర్చకూడదని, అధికారిక వ్యవహారాలను అక్కడి విదేశాంగ శాఖతోనో, దాని ద్వారానో నడపాలని 41వ అధికరణం చెబుతుంది. శనివారం ఫలానా మాల్‌కు వెళ్లకండని తనవాళ్లకు చెప్పడం ఇందులో ఏ కోవలోకి వస్తుందో ఒప్పందం తేల్చలేదు. హెచ్చరించిన దేశం మూడో అధికరణం చూపిస్తుంది, నొచ్చుకున్న దేశం 41ని చూపిస్తుంది.

గీతకు ఇటూ అటూ

2025 జూన్ 16న అమెరికా విదేశాంగ శాఖ భారతదేశంపై తన ప్రయాణ సూచనను సవరించింది. నాలుగు మెట్ల కొలమానంలో భారత్‌ది రెండో మెట్టు, అంటే మరింత జాగ్రత్త అవసరమని అర్థం. నేరాలు, ఉగ్రవాదం ఇందుకు కారణాలంది. ముఖ్యంగా ఆడవాళ్లు ఒంటరిగా ప్రయాణించవద్దంది. శాటిలైట్ ఫోను దగ్గరుంటే జైలుపాలు కావచ్చని కూడా చెప్పింది. తెలుగువాళ్ల చూపు ఆగేది మాత్రం ఇంకోచోట. తూర్పు మహారాష్ట్ర, ఉత్తర తెలంగాణ మొదలుకొని పశ్చిమ బెంగాల్ పడమటి భాగం దాకా ఉన్న పల్లెల్లో ఆపదలో ఆదుకునే శక్తి తమ ప్రభుత్వానికి తక్కువని, తమ ఉద్యోగులు అక్కడికి వెళ్లాలంటే ప్రత్యేక అనుమతి తీసుకోవాలని అందులో ఉంది. మావోయిస్టుల ఉనికి దీని వెనకున్న కారణం. ప్రతిపక్ష కాంగ్రెస్ ఈ సూచనను దేశ ప్రతిష్ఠకు తగిలిన దెబ్బగా చూపి కేంద్రాన్ని విమర్శించింది. అదే కొలమానంలో అదే మెట్టు మీద ఫ్రాన్స్, జర్మనీ, బ్రిటన్ కూడా ఉన్నాయన్న సంగతి ఆ గొడవలో పెద్దగా వినబడలేదు.

ఆ సూచన గీసిన గీత ఎంత మోటుగా ఉందో ఠాణే జిల్లాలోని భివండి నుంచి చూస్తే తెలుస్తుంది. 2011 జనాభా లెక్కల్లోనే ఏడు లక్షలు దాటిన మరమగ్గాల పట్టణం అది. కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాల్లో చేతిమగ్గం చితికిపోయినప్పుడు బయల్దేరిన పద్మశాలీలు షోలాపూర్, సూరత్‌లతో పాటు ఇక్కడా స్థిరపడ్డారు. పద్మనగర్ వైపు తెలుగు మాట మామూలే. తెలంగాణ వలసను బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి అని మూడు ముక్కల్లో చెప్పుకుంటారు. అందులో బొంబాయి అంటే చాలా ఇళ్లలో భివండి సాంచాలే, అంటే మరమగ్గాలే. కార్ఖానాలో పన్నెండు గంటల పాళీ, ఒక్కో మనిషి చేతికింద నాలుగైదు సాంచాలు, మోతలో పక్కవాడు అరిచినా వినబడదు కాబట్టి పోగు తెగిందన్నా బీము అయిపోయిందన్నా చేతి సైగే. పండక్కి ఊరెళ్లాలంటే కల్యాణ్‌లో దేవగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి నిజామాబాద్ మీదుగా పోతారు. వాళ్లు విడిచి వచ్చిన సిరిసిల్ల వీధి ఆ సూచనలోని ఉత్తర తెలంగాణ కిందికి వస్తుందా రాదా? ఆ మాట ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో సూచన చెప్పలేదు. ఛత్తీస్‌గఢ్ సరిహద్దులోని అడవినీ, మగ్గాల వీధినీ ఒకే గాటన కట్టింది.

ఆ గీత రెండో కొస, తూర్పు మహారాష్ట్ర కూడా ఇలాగే ఉంది. నాగపూర్ నుంచి వచ్చే సమృద్ధి మహామార్గం భివండి తాలూకాలోని ఆమనే దగ్గర ముగుస్తుంది. మొత్తం పొడవు 701 కిలోమీటర్లు, చివరి ముక్కను ప్రారంభించింది 2025 జూన్ 5న. అమెరికా సూచన వచ్చింది పదకొండు రోజుల తర్వాత. భివండి గోదాముల్లో సరుకు ఎక్కించుకున్న లారీకి తూర్పు మహారాష్ట్ర ఇప్పుడు ఒక్క రోజు దారి. ఒక కొసన విదేశీ కంపెనీల గిడ్డంగులు, రెండో కొసన అమెరికా ప్రభుత్వ ఉద్యోగి అనుమతి లేకుండా అడుగుపెట్టరాని పల్లెలు. ఈ సూచనలు రాసేది ఒహాయోలో టికెట్టు కొనబోయే యాత్రికుడి కోసం. ఆ నేలమీద బతికేవాడు వాటిని చదవబోడన్న లెక్కతోనే రాస్తారు. కానీ చదువుతాడు, అతని ప్రభుత్వమూ చదువుతుంది.

దాచినందుకు వచ్చిన చట్టం

హెచ్చరికలు బయటపెట్టడం ఎంబసీలకు మొదటి నుంచీ అలవాటేమీ కాదు. 1988 డిసెంబర్ 5న హెల్సింకిలోని అమెరికా ఎంబసీకి ఒక ఫోను వచ్చింది. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి అమెరికా వెళ్లే పాన్ అమెరికన్ విమానాన్ని రెండు వారాల్లో పేల్చేస్తారని అవతలి గొంతు చెప్పింది. ఆ సమాచారం యూరప్‌లోని అమెరికా ఎంబసీలకు వెళ్లింది, మాస్కో ఎంబసీలోనైతే సిబ్బంది చూసే నోటీసు బోర్డు మీద కూడా పెట్టారు. టికెట్టు కొనుక్కున్న మామూలు జనానికి మాత్రం ఎవరూ చెప్పలేదు. డిసెంబర్ 21న స్కాట్లాండ్‌లోని లాకర్బీ మీద పాన్ అమెరికన్ 103 పేలిపోయింది. విమానంలో 259 మంది, కింద ఊళ్లో 11 మంది చనిపోయారు. హెల్సింకి ఫోను బూటకమని, పేలుడుతో దానికి సంబంధం లేదని పరిశోధకులు తేల్చారు. అయినా ఎంబసీ ఉద్యోగికి తెలిసిన ముప్పు మామూలు ప్రయాణికుడికి ఎందుకు తెలియలేదన్న మృతుల కుటుంబాల ప్రశ్న నిలిచిపోయింది. 1990లో అమెరికా విమాన భద్రతా చట్టం, దాని వెంట ద్వంద్వ ప్రమాణం కూడదన్న విధానం వచ్చాయి. సిబ్బందికి చెప్పిన ముప్పు పౌరులకూ వర్తించేదైతే వాళ్లకూ చెప్పి తీరాలన్నది దాని సారం.

ఈ విధానంలో మరో నిబంధన ఉంది. తగాదాలన్నిటికీ మూలం అదే అనవచ్చు. సమాచారం నమ్మదగినదై ఉండాలి, స్థలమో కాలమో నిర్దిష్టంగా ఉండాలి, అడ్డుకోవడానికి వీలుపడనిదై ఉండాలి. అప్పుడే దాన్ని బహిరంగం చేస్తారు. ఇందులో మూడో షరతును ఆతిథ్య దేశం వైపు నుంచి చదివి చూడాలి. అడ్డుకునే వీలుంటే హెచ్చరికే అక్కర్లేదు, స్థానిక పోలీసులు ముఠాను పట్టుకుంటే సరిపోతుంది. హెచ్చరిక వచ్చిందంటే మీ పోలీసుల వల్ల ఇది ఆగదని మేం అనుకుంటున్నామన్న మాట పైకి అనకుండానే అన్నట్టు. ఎంత మర్యాదగా రాసినా ఆ అర్థం పోదు.

ఇతర దేశాలూ ఇదే దారి పట్టాయి, అదీ దెబ్బ తిన్నాకే. 2002 అక్టోబర్ 12న బాలిలో నైట్‌క్లబ్బుల దగ్గర జరిగిన పేలుళ్లలో 202 మంది చనిపోతే వాళ్లలో 88 మంది ఆస్ట్రేలియన్లు. ఇండొనేషియాపై అప్పటి ప్రయాణ సూచన బాలికి పొంచి ఉన్న ముప్పును సరిగా చెప్పిందా లేదా అని ఆస్ట్రేలియా సెనెట్ కమిటీ విచారణ జరిపింది. చెప్పనందుకు సొంత పార్లమెంటు ముందు చేతులు కట్టుకుని నిలబడాలి. చెప్పినందుకు పరాయి మంత్రి చేత రెండు మాటలు పడితే చాలు. ఏ అధికారి అయినా రెండోదాన్నే ఎంచుకుంటాడు. హెచ్చరికలు అవసరానికి మించి రావడానికి ఇంతకన్నా పెద్ద కారణం వెతకక్కర్లేదు.

నొచ్చుకున్నవారు

నొచ్చుకోవడంలో తుర్కియే అన్ని హద్దులూ దాటింది. 2023 జనవరిలో స్టాక్‌హోమ్‌లో ఖురాన్ ప్రతిని తగలబెట్టిన ఘటన తర్వాత ప్రతీకార దాడులు జరగవచ్చని పాశ్చాత్య దేశాలు ఇస్తాంబుల్‌లోని తమ పౌరులను హెచ్చరించాయి, కొన్ని కాన్సులేట్లను మూసేశాయి. తుర్కియే ముందు ఎదురు సూచన ఇచ్చింది. యూరప్‌లో, అమెరికాలో ఇస్లాం ద్వేషం పెరిగిందని, అక్కడి తమ పౌరులు జాగ్రత్తగా ఉండాలని చెప్పింది. ఫిబ్రవరి 2న తొమ్మిది దేశాల రాయబారులను ఒకేసారి పిలిపించింది. ఇది మానసిక యుద్ధమని, తమతో నిర్దిష్ట సమాచారం ఏదీ పంచుకోలేదని ఆంతరంగిక వ్యవహారాల మంత్రి సులేమాన్ సోయ్లు మండిపడ్డాడు. నాలుగు రోజులకే భూకంపం వచ్చింది. హెచ్చరించిన దేశాలే సహాయ బృందాలను పంపాయి, గొడవ శిథిలాల కింద పడిపోయింది.

దక్షిణాఫ్రికాది తక్కువ స్థాయి అసంతృప్తి. 2022 అక్టోబర్ 29న జోహానెస్‌బర్గ్ సమీపంలోని శాండ్టన్‌లో దాడి జరగవచ్చని అమెరికా ఎంబసీ మూడు రోజుల ముందు ప్రకటించింది. తమతో మాట్లాడకుండా ఇలా చెప్పి జనాన్ని భయపెట్టడం విచారకరమని అధ్యక్షుడు రామఫోసా అన్నాడు. ఆ రోజు ఏమీ జరగలేదు. ఏమీ జరగకపోతే అది ఎవరి వాదనకు బలం? హెచ్చరిక తప్పని దక్షిణాఫ్రికా అనవచ్చు, హెచ్చరికవల్లే దుండగులు వెనకడుగు వేశారని ఎంబసీ అనవచ్చు. రెండిట్లో ఏదీ రుజువయ్యేది కాదు.

రుజువైన ఘటన మాస్కోలో జరిగింది. సంగీత కచేరీలతో సహా పెద్ద జనసమూహాలపై దాడికి తీవ్రవాదులు పథకం వేశారని, 48 గంటలు వాటికి దూరంగా ఉండాలని 2024 మార్చి 7న అక్కడి అమెరికా ఎంబసీ చెప్పింది. మార్చి 19న పుతిన్ భద్రతా సంస్థ అధికారుల సమావేశంలో ఈ హెచ్చరికలను బెదిరింపుగా, రష్యా సమాజాన్ని కలవరపెట్టే ఎత్తుగా కొట్టిపారేశాడు. మార్చి 22 రాత్రి క్రోకస్ సిటీ హాలులో కచేరీకి వచ్చిన వాళ్లపై కాల్పులు జరిగాయి, 140 మందికి పైగా చనిపోయారు. ప్రాణాపాయం ఉందని తెలిస్తే ఆ సంగతి పడని దేశానికైనా చెప్పాలన్న నియమం 2015 నుంచి అమెరికా గూఢచార సంస్థలకు రాతపూర్వకంగా ఉంది. ముందే విడిగా రష్యాకు తెలియజేశామని అమెరికా చెప్పింది. అయితే శత్రువు నోటినుంచి వచ్చిన నిజం శత్రువు మాటగానే వినబడింది.

డబ్బు లెక్కలు వేరు. బ్రిటన్ విదేశాంగ శాఖ ఒక చోటికి వెళ్లవద్దంటే అక్కడికి వెళ్లేవాళ్ల ప్రయాణ బీమా సాధారణంగా చెల్లదు. బీమా లేకపోతే టూర్ కంపెనీలు జనాన్ని పంపవు. ఆ శాఖ రాసిన ఒక్క వాక్యం హోటళ్లను ఖాళీ చేయిస్తుంది. 2014 మేలో కెన్యాలోని మొంబాసాకు వెళ్లవద్దన్న సూచన వచ్చిన వెంటనే కంపెనీలు వందల మంది బ్రిటిష్ యాత్రికులను విమానాల్లో వెనక్కి తీసుకెళ్లాయి. 2015 జూన్ 26న ట్యునీషియాలోని సూస్ బీచిలో 38 మంది హతమైతే అందులో 30 మంది బ్రిటన్‌వాళ్లు. జూలై 9న వచ్చిన బ్రిటన్ సూచన ఆ దేశానికి రెండో దెబ్బ. ఉగ్రవాదులు కోరుకున్నది కూడా ఇదేనని లండన్‌లోని ట్యునీషియా రాయబారి వాపోయాడు.

భారత్ ఈ నొప్పిని 2002లోనే రుచి చూసింది. 2001 డిసెంబర్‌లో పార్లమెంటు మీద దాడి, ఆ తర్వాత 2002 మేలో జమ్మూ దగ్గర కాలూచక్ దాడి, సరిహద్దులో లక్షల సైన్యం. అలాంటప్పుడు మే 31న అమెరికా భారత్‌లోని సుమారు 60 వేల మంది తన పౌరులను దేశం విడిచి వెళ్లమంది, బ్రిటన్ తదితర దేశాలూ అదే బాట పట్టాయి. ఇది యుద్ధానికి దిగకుండా ఢిల్లీ చేతులు కట్టే ఎత్తుగడ అని ఇక్కడి వ్యాఖ్యాతలు కొందరు అన్నారు. అసలు దెబ్బ తగిలింది బెంగళూరు, హైదరాబాద్‌లలో అప్పుడప్పుడే పైకొస్తున్న సాఫ్ట్‌వేర్ ఎగుమతులకు. అమెరికా ఖాతాదారులు రాకపోకలు మానుకుంటే కాంట్రాక్టులు జారిపోతాయన్న భయం కంపెనీల నుంచి ప్రభుత్వం దాకా పాకింది. 2010 ఏప్రిల్, మే నెలల్లో అమెరికా ఎంబసీ ఢిల్లీలోని ఆరు చోట్లను పేరు పెట్టి చెప్పింది: చాందినీ చౌక్, కనాట్ ప్లేస్, గ్రేటర్ కైలాష్, కరోల్ బాగ్, మెహ్రౌలీ, సరోజినీ నగర్. కామన్వెల్త్ క్రీడలకు కొద్ది నెలల ముందు మాట అది. ఆ వారాల్లో ఆ ఆరు చోట్లా ఏమీ జరగలేదు. 2016 డిసెంబర్ చివర్లో ఇజ్రాయెల్ కొత్త సంవత్సరం వేడుకల గురించి హెచ్చరిస్తూ గోవా, పుణె, ముంబై, కొచ్చిన్‌ల పేర్లు చెప్పింది. 2008లో ముంబైలోని యూదుల కేంద్రం నారిమన్ హౌస్‌పై జరిగిన ఉగ్రదాడి తర్వాత ఆ నగరం పేరెత్తడాన్ని తప్పుపట్టడం కష్టం.

చెప్పే వంతు వచ్చినప్పుడు

అదే భారత్ తన వంతు వచ్చేసరికి మెత్తగా ఏమీ లేదు. 2009 మేలో ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన విద్యార్థిని మెల్‌బోర్న్‌లో స్క్రూడ్రైవర్‌తో పొడిచిన ఘటన తెలుగు ఇళ్లను కుదిపేసింది. 2010 జనవరిలో ఒక పంజాబీ యువకుడి హత్య తర్వాత మెల్‌బోర్న్‌లోని విద్యార్థులకు విదేశాంగ శాఖ జాగ్రత్తలు చెప్పింది. పెద్ద నగరాల్లో ఇలాంటి హింస ఉండేదేనని ఆస్ట్రేలియా తరఫున అప్పటి ఉపప్రధాని జూలియా గిలార్డ్ జవాబిచ్చింది. చదువు ఆస్ట్రేలియాకు పెద్ద ఎగుమతి వ్యాపారం, భారతీయ విద్యార్థుల దరఖాస్తులు పడిపోయాయి కూడా. ట్యునీషియాకు బీచి ఎంతో ఆస్ట్రేలియాకు కాలేజీ అంత.

కెనడాతో నడిచింది పక్కా జవాబుకు జవాబు. 2022 సెప్టెంబర్ 23న కెనడాలో ద్వేష నేరాలు పెరిగాయని భారత్ సూచన ఇస్తే, నాలుగు రోజులకు కెనడా తన సూచనలో పాకిస్తాన్ సరిహద్దుకు పది కిలోమీటర్ల లోపు ప్రాంతాలకు వెళ్లవద్దని, మందుపాతరలు ఉన్నాయని రాసింది. ఏడాది తిరిగేసరికి ఖలిస్తాన్ వాది నిజ్జర్ హత్యలో భారత్ హస్తం ఉందని ఆరోపిస్తూ కెనడా అప్పటి ప్రధాని ట్రూడో పార్లమెంటులో ప్రకటన చేశాడు. 2023 సెప్టెంబర్ 20న భారత్ మళ్లీ సూచన ఇచ్చింది, ఈసారి అందులో రాజకీయ అండ ఉన్న ద్వేష నేరాలన్న మాట ఉంది. కెనడా సురక్షితమైన దేశమని అక్కడి మంత్రి సమాధానమిచ్చాడు. అక్టోబర్‌లో 41 మంది దౌత్యవేత్తలను వెనక్కి పిలిపించుకున్న కెనడా ముంబై, బెంగళూరు, చండీగఢ్ కాన్సులేట్లలో నేరుగా అందే సేవలు ఆపి, ఆ మూడు నగరాల్లో మరింత జాగ్రత్త అని తన సూచనలో చేర్చింది. ఈ మొత్తం వ్యవహారంలో సూచనల పని యాత్రికుడి క్షేమం కన్నా అవతలి ప్రభుత్వానికి సమాధానం చెప్పడమే అని అనిపించక మానదు. 2025 ఆగస్టు 1న డబ్లిన్‌లోని భారత ఎంబసీ దాడుల గురించి తనవాళ్లను హెచ్చరించినప్పుడు మాత్రం ఐర్లండ్ నాయకులు పేచీ పెట్టకుండా దాడులను ఖండించారు. వాదులాట మొదలే కాలేదు.

మెత్తని వాక్యం ఖరీదు

ఆతిథ్య దేశం నొచ్చుకుంటుందేమోనన్న మొహమాటానికి కూడా వెల ఉంటుంది. 2022 జనవరిలో రష్యా దాడి ఖాయమని అమెరికా తన దౌత్యవేత్తల కుటుంబాలను కీవ్ నుంచి పంపించేస్తుంటే, ఈ భయం తమ ఆర్థిక వ్యవస్థను కూలదోస్తోందని, దౌత్యవేత్తలను తరలించడం పొరపాటని జెలెన్‌స్కీ జనవరి 28న విలేఖరుల ముందే అన్నాడు. అప్పుడు యుక్రెయిన్‌లో ఉన్న భారతీయులు 20 వేల పైచిలుకు, ఎక్కువ మంది వైద్య విద్యార్థులు, వాళ్లలో ఆంధ్ర, తెలంగాణ పిల్లలూ ఉన్నారు. భారత ఎంబసీ తొలి సూచన ఫిబ్రవరి 15న వచ్చింది. అక్కడ ఉండటం తప్పనిసరి కానివాళ్లు, ముఖ్యంగా విద్యార్థులు, తాత్కాలికంగా వెళ్లిపోయే విషయం ఆలోచించవచ్చని అందులో ఉంది.

ఆలోచించవచ్చు అంటే ఏం చేయాలి? తరగతులకు హాజరు తప్పనిసరి, ఆన్‌లైన్ పాఠాలకు యూనివర్సిటీ ఇంకా ఒప్పుకోలేదు, టికెట్ల ధరలు ఎగబాకాయి, అప్పు చేసి పంపిన తండ్రి అవతల ఫోనులో ఉన్నాడు. ఫిబ్రవరి 20న ఎంబసీ ఇంకొంచెం గట్టిగా చెప్పింది. 22న మాత్రమే, యూనివర్సిటీ అనుమతి కోసం ఎదురుచూడకుండా బయల్దేరమంది. 24 తెల్లవారుజామున దాడి మొదలై గగనతలం మూసేశారు, కీవ్ వైపు వెళ్తున్న ఎయిరిండియా విమానం మధ్యలోనే వెనుదిరిగింది. మార్చి 1న ఖార్కివ్‌లో కర్ణాటక విద్యార్థి ఒకరు చనిపోయారు. మరునాడు వచ్చిన ఆదేశంలో మొహమాటం ఏమీ మిగల్లేదు. ఖార్కివ్ వెంటనే వదలండి, వాహనం దొరక్కపోతే నడిచైనా సరే సాయంత్రం ఆరులోగా పెసోచిన్, బాబాయే, బెజ్లుదోవ్కా చేరండి. ఆపరేషన్ గంగా ముగిసేసరికి మొత్తం 22,500 మంది దాకా తిరిగి వచ్చారు. తొలి సూచనను అంత నెమ్మదిగా ఎందుకు రాశారన్నదానికి విదేశాంగ శాఖ దగ్గర కారణాలు ఉండే ఉంటాయి. యుక్రెయిన్ అప్పటికే కినుకతో ఉంది, రష్యాతో స్నేహం చెడకూడదు. ఆ వాక్యం రెండు ప్రభుత్వాలనూ నొప్పించలేదు. హాస్టల్లో ఉన్న పిల్లలకు దారి కూడా చూపలేదు.

చెప్పినా వెళ్లేవాళ్లూ, ఉండిపోయేవాళ్లూ ఎప్పుడూ ఉంటారు. లిబియా వదిలి రమ్మని భారత్ 2014 నుంచీ చెబుతున్నా సిర్తే యూనివర్సిటీలో పాఠాలు చెప్పే నలుగురు భారతీయులు 2015 జూలై 29న తిరుగుదారిలో అపహరణకు గురయ్యారు. కర్ణాటకవాళ్లిద్దరూ రెండు రోజుల్లో బయటపడ్డారు, తెలుగువాళ్లిద్దరూ 2016 సెప్టెంబర్ దాకా బందీలుగానే ఉన్నారు. హెచ్చరిక విని వచ్చేస్తే ఊళ్లో అప్పు ఎలా తీరుతుందన్న ప్రశ్నకు ఏ ఎంబసీ దగ్గరా సమాధానం లేదు.

ఎంబసీ లేనివాళ్లు

ముప్పు నిజమైతే అది పాస్‌పోర్టు రంగు చూడదు. కానీ హెచ్చరిక చూస్తుంది. శాండ్టన్ మాల్‌లో అమెరికన్లకు తెలిసిన సంగతి అక్కడ నేల తుడిచే మనిషికి మర్నాటి పత్రికలో తెలిసింది. స్థానికులకు ఆ మాట చెప్పాల్సింది వాళ్ల ప్రభుత్వం. శ్రీలంకలో 2019 ఏప్రిల్ 4న భారత్ అందించిన ముందస్తు సమాచారం కాగితాల్లోనే ఉండిపోయింది, ఏప్రిల్ 21 ఈస్టర్ ఉదయం చర్చిలకూ హోటళ్లకూ వెళ్లిన 260 మందికి పైగా చనిపోయారు. 2023 జనవరి 12న అక్కడి సుప్రీంకోర్టు మాజీ అధ్యక్షుడు సిరిసేన తన జేబులోంచి పది కోట్ల శ్రీలంక రూపాయల పరిహారం చెల్లించాలని తీర్పిచ్చింది. దక్షిణాసియాలో ముప్పు గురించి తెలిసి ఊరుకోవడానికి ఒక న్యాయస్థానం వెల కట్టిన అరుదైన సందర్భమిది. ఆ పాఠం వృథా కాలేదు. 2024 అక్టోబర్ 23న అక్కడి అరుగమ్ బే తీరం గురించి అమెరికా ఎంబసీ హెచ్చరించినప్పుడు శ్రీలంక ప్రభుత్వం రాయబారిని పిలిచి కోప్పడలేదు. అప్పటికే బలగాలు దించామని పోలీసులు చెప్పారు, అనుమానితులను అరెస్టు చేశారు, తర్వాత హెచ్చరిక ఎత్తేయమని ప్రభుత్వం అడిగింది.

భివండికి ఈ విషయంలో సొంత అనుభవం ఉంది. 1970 మేలో, మళ్లీ 1984 మేలో ఆ ఊరు మతకల్లోలాల్లో తగలబడింది. 1988లో అక్కడికి డిప్యూటీ పోలీసు కమిషనర్‌గా వచ్చిన సురేశ్ ఖోపడే మొహల్లా కమిటీలు పెట్టాడు. పేరున్న నాయకులను పక్కనబెట్టి, హిందువులనూ ముస్లింలనూ సమానంగా, పేటలోని మామూలు మనుషులనే కానిస్టేబులుతో కలిపి కూర్చోబెట్టాడు. ఏ సందులో ఏ పుకారు తిరుగుతోందో, ఏ ఊరేగింపు ఏ దారిన పోతే గొడవో ఆ బల్ల దగ్గరే బయటపడేది. 1992 డిసెంబర్‌లో, 1993 జనవరిలో పక్కనే ముంబై మండిపోతుంటే భివండి నిలదొక్కుకుంది. ముప్పు సమాచారం ఎవరి నెత్తిన పడబోతోందో వాళ్లందరికీ ఒకేసారి చేరడం ఆ పద్ధతిలోని కీలకం. రెండు ప్రభుత్వాల మధ్య అలాంటి బల్ల లేదు, గూఢచార సమాచారం ఎక్కడినుంచి వచ్చిందో చెప్పుకోలేరు కాబట్టి పెట్టడమూ తేలిక కాదు.

2023 డిసెంబర్ 9న జాతీయ దర్యాప్తు సంస్థ మహారాష్ట్ర, కర్ణాటకల్లో సోదాలు జరిపి ఐసిస్‌తో సంబంధాల ఆరోపణపై 15 మందిని అరెస్టు చేసినప్పుడు భివండి తాలూకాలోని పడ్ఘా జాతీయ వార్తల్లోకెక్కింది. విదేశాల ప్రయాణ సూచనలు ఇంత దగ్గరగా చూసి రాసేవి కావు. పర్యాటక స్థలాలు, రవాణా కేంద్రాలు, మార్కెట్లు లాంటి నాలుగు మాటల్లో దేశం మొత్తాన్నీ చుట్టేస్తాయి. ఒక రకంగా అది మేలే. ఒక ఊరి పేరు విదేశీ సూచనలోకి ఎక్కితే బయటికి రావడం కష్టం.

దించే పని

హెచ్చరిక ఎక్కించడానికి ఒక పూట చాలు, దించడానికి ఏళ్లు పడుతుంది. బ్రిటన్ ట్యునీషియా సూచనను సడలించింది 2017 జూలైలో, అంటే రెండేళ్లకు. దించిన మర్నాడు ఏదైనా జరిగితే ఆ సంతకం ఎవరిదన్న ప్రశ్న వస్తుంది, అందుకే ఆ కాగితం మీద సంతకం పెట్టడానికి ఎవరూ తొందరపడరు. ఆతిథ్య దేశాలు అడిగేవాటిలో ముఖ్యమైనవి మూడు. బహిరంగం చేసే ముందు మాతో మాట్లాడండి, దేశమంతా అనకుండా చోటు చెప్పండి, గడువు పెట్టండి. మొదటిదానికి సమాచార మార్గం బయటపడుతుందన్న భయం అడ్డు. మూడోదాన్ని ఎంబసీ హెచ్చరికలు కొంతవరకు పాటిస్తున్నాయి, మాస్కోది 48 గంటలే. రెండోది 2018 జనవరిలో అమెరికా నాలుగు మెట్ల పద్ధతి తెచ్చాక కొంత మెరుగుపడింది, దేశానికి ఒక మెట్టు, అందులోని ప్రాంతాలకు వేరే మెట్లు ఇస్తున్నారు.

ఆ పద్ధతి ప్రకారం రెండో మెట్టు సూచనలను ఏడాదికోసారి, మూడు నాలుగు మెట్లవాటిని ఆరు నెలలకోసారి తిరగచూడాలి. 2025 జూన్ తర్వాత ఆ సూచన చెప్పిన నేలమీద పరిస్థితి వేగంగా మారింది. అంతకు నెల ముందే, మే 21న, మావోయిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శి నంబాల కేశవరావు ఛత్తీస్‌గఢ్ అడవుల్లో చనిపోయాడు. అక్టోబర్‌లో పెద్దపల్లికి చెందిన మల్లోజుల వేణుగోపాలరావు సుమారు 60 మందితో గడ్చిరోలిలో మహారాష్ట్ర ముఖ్యమంత్రి ముందు ఆయుధాలు అప్పగించాడు. తూర్పు మహారాష్ట్ర, ఉత్తర తెలంగాణ రెండూ ఆ ఒక్క ఘటనలోనే ఉన్నాయి. అయితే సూచనలోని వాక్యం కేవలం తుపాకుల లెక్క మీద ఆధారపడలేదు. ఆపదలో ఉన్న అమెరికన్‌కు తమ మనుషులు ఎంత త్వరగా చేరగలరన్నది కూడా అందులో ఉంది. హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలోని కాన్సులేట్ నుంచి ములుగు అడవి అంచు వరకు ఉన్న దూరం మావోయిస్టులు లొంగిపోతే తగ్గేది కాదు.